సాయంత్రం ఆకలి, జంతికల డబ్బా

మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం, మళ్లీ రాత్రి తొమ్మిదిన్నరకు. మధ్యలో ఎనిమిదిన్నర గంటలు. అంత ఎడం పెట్టి ఆకలి వేయొద్దంటే ఎలా? అందుకే "చిరుతిండి పూర్తిగా మానేయండి" అనే సలహా మూడో రోజుకల్లా అటకెక్కుతుంది. సాయంత్రం తినొచ్చు. తిన్నదాన్ని తిండి కింద జమకట్టకుండా, రాత్రి అన్నం ఎప్పటిలాగే కలుపుకోవడంతోనే చిక్కంతా.

అసలు ఐదింటి ఆకలి ఎంత గట్టిగా ఉంటుందన్నది మధ్యాహ్నం కంచంలోనే తేలిపోతుంది. కంచం నిండా అన్నం, పైన గరిటెడు పల్చటి పప్పు, పక్కన చెంచాడు కూర, ఆవకాయ. ఇలా తిన్నవారికి మూడున్నరకే కడుపు ఖాళీ అనిపిస్తుంది. అన్నం పావు వంతు తగ్గించి, ముద్దపప్పులాగా చిక్కగా అరకప్పు పప్పు, కూర రెండింతలు, చివర కప్పు పెరుగు తింటే అదే ఆకలి ఐదున్నరకు జరుగుతుంది, అదీ నెమ్మదిగా వేస్తుంది. మాంసకృత్తులు, పీచు కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి. సాయంత్రం తిండిని సరిచేయాలనుకునేవారు మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాలి.

ఇక డబ్బా సంగతి. జంతికలు, చేగోడీలు, కారప్పూస, సకినాలు, మిక్చర్... పేరేదైనా సరుకు ఒకటే: పిండి, నూనె, ఉప్పు. మిక్చర్ ప్యాకెట్ వెనక చూస్తే వంద గ్రాములకు 500 కేలరీలకు పైనే, కొవ్వు 30 నుంచి 40 గ్రాములు ఉండటం మామూలే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల తిండికి సూచించే నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు. టీవీ ముందు కూర్చుని డబ్బాలోంచి తింటే 50 గ్రాముల మిక్చర్ ఎప్పుడు అయిపోయిందో తెలియదు. అందులోనే 15 నుంచి 20 గ్రాముల నూనె లోపలికి వెళ్లిపోతుంది. రోజంతా కూరలకు, పోపులకు మిగిలింది పది గ్రాములే అన్నమాట. ఆ పదితో ఎవరింట్లోనూ వంట కాదు.

పక్కనే టీ ఉంటుంది. చెంచా పంచదార సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు టీలు తాగితే 30 గ్రాములు. విడిగా కలుపుకునే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బిస్కెట్, స్వీటు ఏమీ ముట్టకుండానే గీత దాటేశాం. ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అరచెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి, నాలుక సర్దుకుంటుంది. పంచదార బదులు బెల్లం వేసుకుంటే లెక్క మారదు. బెల్లంలోనూ ఎక్కువ భాగం ఆ చక్కెరే. పల్లీపట్టిలో సగానికి దగ్గరగా ఉండేది కూడా అదే.

మరి ఏం తినాలి? నా ఓటు మొదట గుగ్గిళ్లకే. తెలంగాణలో గుడాలంటారు. నల్లశనగలు ఒక కప్పు, అంటే దాదాపు 200 గ్రాములు, రాత్రి నానబోయాలి. పొద్దున ఆ నీళ్లు పారబోయాలి. కడుపుబ్బరం తెచ్చే పిండిపదార్థాలు కొంత ఆ నీళ్లతోనే పోతాయి. కొత్త నీళ్లు పోసి కుక్కర్‌లో 4, 5 విజిల్స్ రానిచ్చి, వడకట్టి, రెండు చెంచాల నూనెతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, అల్లం తరుగు పోపు పెట్టి, అరచెంచా ఉప్పు వేస్తే చాలు. నలుగురికి సరిపోతుంది. ఒక్కొక్కరికి 10 గ్రాముల మాంసకృత్తులు, రెండు వందలకు కాస్త పైన కేలరీలు, బోలెడు పీచు. పోపు పెట్టనివి ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి కాబట్టి ఆదివారం ఉడికిస్తే బుధవారం దాకా పని లేదు. శనగలు పడనివారు పెసలు, అలసందలు చేసుకోవచ్చు. అవి తొందరగా ఉడుకుతాయి, రెండు మూడు విజిల్స్ చాలు.

మరమరాలతో ఒక ఇబ్బంది ఉంది. రాయలసీమ బొరుగులూ ఇవే. గిన్నెడు తిన్నా వంద కేలరీలు దాటవు, కానీ ఒట్టివే తింటే రక్తంలో చక్కెర గబగబా పెరిగి, గంటకే మళ్లీ ఆకలేస్తుంది. రెండు కప్పుల మరమరాలకు రెండు పెద్ద చెంచాల పుట్నాలు, ఒక పెద్ద చెంచా వేయించిన పల్లీలు, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం కలిపితే అప్పుడు ఆకలి ఆగుతుంది. నూనె అక్కర్లేదు.

పల్లీలు చిన్న గుప్పెడు, 30 గ్రాములు, ఒకరికి చాలు. 170 కేలరీలు, 7 గ్రాముల మాంసకృత్తులు. ముడుచుకుపోయినవి, పచ్చగానో నల్లగానో బూజు పట్టినవి, చేదుగా తగిలినవి ఏరి పారేయాలి. ఆ బూజులో ఉండే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినా పూర్తిగా పోదు. "బాగా వేయిస్తే ఏం కాదులే" అనుకునేవారు ఈ వాక్యం మళ్లీ చదవాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు గుండుగా ఉన్న పల్లీలు ఇవ్వొద్దు, గొంతుకు అడ్డుపడతాయి.

పండ్లలో జామకాయను మించింది లేదు. చవక, నమలాలి, పీచు ఉంది. జ్యూస్ తీస్తే పీచంతా వడకట్టులోనే మిగిలిపోతుంది. సీజన్‌లో తేగలు, మొక్కజొన్న పొత్తులు సరే సరి.

ఇంత చెప్పినా వాన పడితే బజ్జీలు వేసుకోకుండా ఎవరూ ఉండరు. ఉండనక్కర్లేదు కూడా. కానీ వేయించడంలో చేసే పొరపాట్లతో అదే బజ్జీ రెండింతలు నూనె తాగుతుంది. నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చుక్క పిండి వేసి చూడండి. అడుగున కూర్చుంటే నూనె కాగలేదు, వేసిన వెంటనే రంగు మారితే మరీ కాగిపోయింది, బుడగలతో చటుక్కున తేలితే సరిగ్గా ఉంది. ఒకే వాయిలో మూకుడు నిండా వేస్తే వేడి ఒక్కసారిగా పడిపోతుంది. పైన పొర గట్టిపడటం ఆలస్యమై పిండి నూనె పీలుస్తుంది. నూనె మీద సగం చోటు ఖాళీగా ఉండేలా వేయాలి.

వంటసోడా ఇంకో దొంగ. సోడా ఎక్కువైతే పిండి గుల్లగా పొంగుతుంది, ఆ గుల్లల్లోకి నూనె చేరుతుంది. పైగా చెంచా సోడాలో 1200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. ఉప్పు తగ్గించామని సంతోషపడుతూ సోడా గుమ్మరిస్తే లాభమేముంది? పావుకిలో శనగపిండికి రెండు చిటికెలు చాలు. పిండి గరిటె జారుడుగా కాకుండా మిరపకాయకు పట్టుకునేంత చిక్కగా ఉండాలి. నీళ్లు ఎక్కువైన పిండిలోంచి ఆవిరి పోయిన చోటల్లా నూనె నిండుతుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నూనెలో ఎక్కువ భాగం లోపలికి దిగేది మూకుడులో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక చల్లారేటప్పుడు. లోపలి ఆవిరి చల్లబడి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాగుతుంది. కాబట్టి తీసిన వెంటనే, ఇంకా చిటపటలాడుతుండగానే, చిల్లుల గరిటెలో విదిలించి జల్లెడ మీద విడివిడిగా పరవాలి. గిన్నెలో ఒకదాని మీద ఒకటి పోస్తే కిందవి నూనెలో నానినట్టే. న్యూస్‌పేపర్ మీద వేయొద్దు, ఆ సిరా తినేది కాదు.

ఒక్కో బజ్జీకి ఇన్ని కేలరీలని ఫోన్‌లో కనిపించే అంకెలను నమ్మకండి. మీ మూకుడే చెబుతుంది. పోసేముందు నూనె కొలవండి, చల్లారాక వడకట్టి మళ్లీ కొలవండి. 500 మిల్లీలీటర్లు పోస్తే 400 మిగిలిందనుకుందాం. పోయిన వందలో దాదాపు అంతా బజ్జీల్లోనే ఉంది. సుమారు 92 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 830 కేలరీలు. నలుగురు తింటే తలకు రెండు వందల పైచిలుకు నూనె కేలరీలే, పిండివి వేరు.

మిగిలిన నూనెను అదే రోజు వడకట్టి, మూత పెట్టి, వెలుతురు తగలని చోట ఉంచి, ఒకటి రెండు రోజుల్లో పోపులకు, కూరలకు వాడేయాలి. మళ్లీ వేపుడుకు వద్దు. పాత నూనెలో కొత్తది కలపడం అసలు వద్దు, పాతదాంట్లోని పాడైన పదార్థాలు కొత్తదాన్నీ త్వరగా పాడుచేస్తాయి. వ్యాపారం చేసేవారికి 2018 జులై నుంచి ఒక నియమం ఉంది. నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే పదేపదే కాగి నూనె విరిగిపోయినప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదు. బండి దగ్గర నిలబడ్డ మనకు ఆ కొలత తెలియదు, కళ్లూ ముక్కూ చాలు. నల్లటి జిగట నూనె, అణగని నురగ, ఘాటైన పొగ, వీటిలో ఏది కనిపించినా పక్క బండికి నడవడమే.

ప్యాకెట్ల విషయంలో ముందు వైపు రాసింది చదవడం దండగ. "మల్టీగ్రెయిన్", "డైజెస్టివ్", "వేయించనిది" అన్నీ అక్కడే ఉంటాయి. వెనక్కి తిప్పండి. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు కాబట్టి మొదటి మూడు పేర్లు చాలు. మైదా, పామ్ ఆయిల్, పంచదార అని ఉంటే రాగులు ఎనిమిదో స్థానంలో ఉన్నా అలంకారమే. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాములుంటే 2 గ్రాముల ఉప్పు. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపే ఉండాలి.

పళ్ల సంగతి డాక్టర్లు చెప్పేదాకా గుర్తుకురాదు. పిండీ చక్కెరా తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుంది, మామూలుకు రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. నాలుగు నుంచి ఏడు దాకా ఒక్కో చేగోడీ నములుతూ ఉంటే పళ్లు మూడు గంటలూ ఆమ్లంలోనే. ప్లేటులో పెట్టుకుని ఒక్కసారే తిని, నీళ్లు పుక్కిలించడం మేలు.

బజ్జీలు తిన్న రోజు రాత్రి అన్నం సగం చేసి, మజ్జిగతో సరిపెట్టండి. నూనె తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. దాని మీద పూర్తి భోజనం చేసి వెంటనే పడుకుంటే గుండెల్లో మంట తప్పదు. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినేయాలి.

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు మాత్రం సాయంత్రం తిండిని సొంతంగా మానకూడదు, మందు మోతాదు దానికి తగ్గట్టు ఉంటుంది. వణుకు, చెమట, గుండెదడ మొదలై మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే బజ్జీ, చాక్లెట్ పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెర ఎక్కడాన్ని ఆలస్యం చేస్తుంది. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. అంకె పైకి వచ్చాక, భోజనానికి ఇంకా గంటకు మించి ఉంటే, గుప్పెడు పుట్నాలో రెండు ఇడ్లీలో తినొచ్చు. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు, ఆసుపత్రికే. ఆకార్బోజ్, వోగ్లిబోజ్ వేసుకునేవారికి పంచదార నీళ్లు త్వరగా పనిచేయవు, ఆ మందులు పంచదార విడిపోవడాన్నే ఆపుతాయి. వాళ్ల ఇంట్లో గ్లూకోజ్ డబ్బా విడిగా ఉండాల్సిందే.