ఐటీఐ టూ వీలర్ ట్రేడ్ ప్రాక్టికల్: డ్రెయిన్ ప్లగ్ వాషర్‌కి ఇలా ప్రిపేరవ్వండి

మెకానిక్ టూ అండ్ త్రీ వీలర్ ట్రేడ్ పరీక్ష రాస్తున్న మిత్రులకు. థియరీ 33 శాతంతో గట్టెక్కుతుంది, ప్రాక్టికల్‌కి 60 కావాలి. అందుకని చాలామంది రోజులన్నీ ఇంజిన్ ఓవర్‌హాలింగ్‌కే పెట్టి, ఆయిల్ మార్చడం వచ్చులే అని వదిలేస్తారు. అలా వదలొద్దు. ఇంజిన్ అడుగున ఆయిల్ దించే బోల్ట్, అంటే డ్రెయిన్ ప్లగ్ కింద వాషర్‌ని ఒక పూట కూర్చుని అర్థం చేసుకుంటే, డిస్క్ బ్రేక్ గొట్టాన్ని బిగించే బాంజో బోల్ట్ దగ్గరి రాగి వాషర్లు కూడా తేలిగ్గా అర్థమవుతాయి.

ముందు ఈ ఒక్క విషయం పట్టుకోండి: ఆయిల్‌ని ఆపేది మర కాదు, వాషర్. డ్రెయిన్ ప్లగ్‌ది ప్యారలల్ థ్రెడ్, అంటే పొడవునా ఒకే లావున్న మర. ఎంత బిగించినా మరల మధ్య సన్నటి దారి మిగులుతుంది, ఆయిల్ అందులోంచి బోల్ట్ తల దాకా వస్తుంది. అక్కడ బోల్ట్‌కీ క్రాంక్‌కేస్‌కీ (ఇంజిన్ కింది పెట్టె) మధ్య మెత్తటి వాషర్ నలిగి, రెండు ముఖాల మీదున్న గీతల్లోకి దిగి దారి మూసేస్తుంది. టెఫ్లాన్ టేప్ చుడితే చాలదా అని వైవాలో అడిగితే జవాబు ఇందులోనే ఉంది. సీల్ అయ్యే చోటు మర కాదు కాబట్టి టేప్ వల్ల లాభం లేదు, పైగా తెగిన ముక్కలు ఆయిల్‌లో కలిసి స్ట్రైనర్‌కి (ఆయిల్ వడకట్టే జల్లెడ) అడ్డం పడతాయి.

రకాల్లో అల్యూమినియం ఫ్లాట్ వాషర్ ఒకసారి నలిగాక పారేయాల్సిందే. రాగిది నలిగేకొద్దీ గట్టిపడుతుంది. మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఉక్కులా కాదు, రాగిని నీళ్లలో ముంచినా గట్టిపడదు. ముంచితే పైన పట్టిన నల్ల పెచ్చు ఊడిపోతుంది కూడా. అదే పని అల్యూమినియంతో చేయబోకండి. అది 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించదు. బాండెడ్ వాషర్ అంటే ఉక్కు రింగు లోపలి అంచుకి నైట్రైల్ రబ్బరు అతికించినది. రబ్బరు చిరిగినా, గట్టిపడినా మార్చాలి. లోపల బోలుగా ఉండే మడత వాషర్ ఒక్కసారికే. ఏ బండికి ఏది అన్నది సర్వీస్ మాన్యువల్ చెప్పినట్టే చేయండి, ఎందుకంటే అందులో ఇచ్చిన టార్క్ (తిప్పి బిగించే బలం) ఆ వాషర్‌కే సరిపడేలా ఉంటుంది.

సైజు కోసం పాత వాషర్‌ని కొలవకండి. అది నలిగి బయటికీ లోపలికీ సాగి ఉంటుంది. వెర్నియర్‌తో బోల్ట్ బయటి వ్యాసం, పిచ్ గేజ్‌తో మర చూడండి. ఎం12 (12 మిల్లీమీటర్ల వ్యాసం) అయితే పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, 1.5 మిల్లీమీటర్లు కావచ్చు, 1.25 కావచ్చు, ఊహించవద్దు. వాషర్ లోపలి రంధ్రం బోల్ట్ మీద చేతితో జారాలి, అంతకుమించి వదులు ఉండకూడదు. వదులైతే ఒక పక్కకి జరిగి, రెండో పక్క సీల్ వెడల్పు తగ్గిపోతుంది. బిగుతైతే తల మొదట్లోని వంపులో ఇరుక్కుని వాలుగా కూర్చుంటుంది. మందం కూడా చూసుకోండి. 1.5 పిచ్ ఉన్న ప్లగ్‌కి 1.5 మిల్లీమీటర్ల వాషర్ అదనంగా పడితే సరిగ్గా ఒక మర పట్టు పోయినట్టే.

ఆ అదనపు వాషర్ ఎలా పడుతుందంటే, పాతది క్రాంక్‌కేస్‌కే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి ఆయిల్‌లో కనబడదు. పైన కొత్తది వేసి బిగిస్తారు, రెండు రోజుల్లో చెమ్మ మొదలవుతుంది. ప్లగ్ తీయగానే వాషర్ బోల్ట్‌తో వచ్చిందా అని చూడటం, రాకపోతే గోటితోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకి తీయడం అలవాటు చేసుకోండి. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే ముఖం మీద గాటు పడుతుంది, ఆ గాటు ఏ వాషర్‌తోనూ పూడకపోవచ్చు.

ఇక చేతి పని. ఇంజిన్‌ని మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపండి, ట్రే పెట్టండి, ఫిల్లర్ క్యాప్ తీయండి. ప్లగ్ తలకి సరిపోయే రింగ్ పానా లేదా సాకెట్ వాడండి, అడ్జస్టబుల్ పానా తలని గుండ్రం చేసేస్తుంది. బండి పక్కన కూర్చుని పైనుంచి చూస్తూ తిప్పితే దిశ తారుమారవుతుంది. బోల్ట్ తలకి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని ఎడమకి తిప్పాలి. కంగారులో ఇక్కడే పొరపాటున ఇంకా బిగించి మర కొట్టేస్తారు.

ఆయిల్ దిగాక రెండు ముఖాలూ గుడ్డతో తుడిచి, కొత్త వాషర్ వేసి, ప్లగ్‌ని పూర్తిగా చేత్తోనే తిప్పండి. మధ్యలో పట్టేస్తే మర అడ్డం ఎక్కిందని అర్థం, వెనక్కి తీయండి. ఆ తర్వాతే టార్క్ రెంచ్, అంటే పెట్టిన టార్క్ రాగానే టక్కుమనే పానా. ఎం12 ప్లగ్‌లకు చాలా మాన్యువల్స్‌లో 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి అంకెను కంఠస్థం చేయండి. వర్క్‌షాప్ క్యాల్క్యులేషన్‌కీ ఇదే పనికొస్తుంది: 24 న్యూటన్ మీటర్లకి 200 మిల్లీమీటర్ల పానా చివర 120 న్యూటన్లు, అంటే సుమారు 12 కిలోల బలం చాలు. ఒంటి బరువంతా వేయాల్సిన పని కాదు. రెంచ్ ఒకసారి టక్కుమంటే ఆపేయండి, నమ్మకం కోసం రెండోసారి లాగకండి. మరకి ఆయిల్ పూసి బిగిస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కి బోల్ట్ ఎక్కువ సాగుతుంది. క్రాంక్‌కేస్ మర అల్యూమినియం కాబట్టి ముందు పోయేది అదే, పోతే హెలికాయిల్ (పాడైన మర స్థానంలో వేసే తీగ చుట్టల మర) వేయించాలి.

బిగించి, ఆయిల్ పోశాక చుక్క కనబడితే ముందు ప్లగ్‌ని అనుమానించకండి. క్లచ్ కవర్ గాస్కెట్ నుంచో గేర్ షాఫ్ట్ ఆయిల్ సీల్ నుంచో కారినది కూడా చివరికి కిందికే చేరుతుంది. అంతా తుడిచి, టాల్కమ్ పౌడర్ చల్లి, ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి, తడి ఎక్కడ మొదలైందో చూడండి. ప్లగ్ దగ్గరే అయితే ఇంకో పావు చుట్టు బిగించకుండా, ఆయిల్‌ని శుభ్రమైన ట్రేలోకి దించి, ముఖం చూసి, మరో కొత్త వాషర్ వేయండి.