తోక దీపం చూశారా: యార్క్ ఈస్టర్ ప్రదర్శనలో ఒక 1977

ఈస్టర్ సెలవుల్లో ఇంగ్లండ్‌లో రైలెక్కుదామనుకోవడం, సంక్రాంతి ముందురోజు ఎల్బీనగర్‌లో నిలబడి ఖాళీ సీటున్న విజయవాడ బస్సు కోసం చూడ్డం లాంటిదే. పట్టాల పనులన్నీ ఈ సెలవుల కోసమే దాచిపెట్టుకుంటారు. మాంచెస్టర్‌లో ఎక్కితే హడర్స్‌ఫీల్డ్‌లో దించేశారు, అక్కణ్ణుంచి లీడ్స్ దాకా బస్సు. టికెట్టు మాత్రం రైలుదే, పైసా తగ్గదు. వెళ్తున్నది యార్క్‌లో ఏటా ఈస్టర్‌కి జరిగే మోడల్ రైల్వే ప్రదర్శనకి. బొమ్మ రైళ్ళు నడిపి చూపించబోయేవాణ్ణి అసలు రైలు బస్సులోకి తోసేసింది.

బస్సు డ్రైవరు నా పెట్టెను డిక్కీలో వేయమన్నాడు. నేను ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆఫీసు కాగితాలు దాచుకునే బాక్స్ ఫైలే అది. లోపల స్పాంజి గళ్ళు, గడికో బొమ్మ డీజిల్ ఇంజన్. పట్టాలు పరిచిన చెక్క బోర్డులన్నీ మిత్రబృందంతో ముందే వ్యానులో వెళ్ళిపోయాయి గానీ ఇంజన్లను అలా పంపరు. ఒక్కోటీ అరకిలో దాకా ఉంటుంది. కుదుపు తగిలితే ఆ బరువంతా బఫర్ల మీదా, ముందు వేలాడే సన్నటి బ్రేకు గొట్టాల మీదా పడుతుంది. విరిగేవి ఎప్పుడూ అవే. పక్కకి పడుకోబెట్టి, రెండు కొసలా స్పాంజి ముక్క బిగిస్తే ముందుకీ వెనక్కీ జరగవు. ఇంజన్ కప్పుని నొక్కే స్పాంజి మాత్రం ఉండకూడదు, దాని మీది ఫ్యాను జాలీ వంగిపోతుంది.

యార్క్ స్టేషన్ పక్కనే నేషనల్ రైల్వే మ్యూజియం, ప్రవేశం ఉచితం. దాని గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వదిలేస్తున్నాను. ప్రదర్శన జరిగేది గుర్రప్పందేల మైదానం స్టాండు భవనాల్లో. స్టేషన్ నుంచి అరగంటలోపు నడక. టాక్సీ రేటు వింటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి.

శుక్రవారం సాయంత్రం బిగింపు. మావాళ్ళ లేఔట్, అంటే బొమ్మ రైలు దారీ దాని చుట్టూ దృశ్యమూ, డబుల్ ఓ స్కేలు, అంటే అసలు అడుగుకి 4 మి.మీ. పెన్నైన్ కొండల కింద ఊహించి కట్టిన చిన్న ఆఖరి స్టేషను, పక్కన బొగ్గు సైడింగు, ఇంజన్లు ఆగే చిన్న యార్డు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బోర్డులు ఏడు. పైన 9 మి.మీ. ప్లైవుడ్, కింద అదే ప్లైవుడ్‌తో 100 మి.మీ. లోతు చట్రం. పెద్ద బోర్డు చేస్తే అతుకులు తగ్గుతాయి నిజమే, కానీ తలుపులో పట్టదు, ఇద్దరు మోయలేరు.

ఈ పనిలో అసలు సంగతంతా అతుకు దగ్గరే ఉంది. బోర్డుకీ బోర్డుకీ మధ్య రెండు ఇత్తడి డోవెల్స్, ఒకవైపు పొడుచుకొచ్చినది, రెండోవైపు దాని గూడు. డోవెల్ పని రెండు బోర్డుల్ని సరిగ్గా ఒకచోట నిలపడం. బోల్టు పని బిగించడం మాత్రమే. బోల్టుతోనే రెండూ చేయిద్దామనుకున్న లేఔట్లలో ప్రదర్శనకో చోట బండి పట్టా తప్పుతుంది. పట్టా కొసల్లో పావు మిల్లీమీటరు తేడా చాలు. అందుకే ముందు బోర్డులు బిగించాలి. పట్టాను అతుకు మీదుగా ఏకంగా వేయాలి. అతుక్కి రెండువైపులా ప్లాస్టిక్ స్లీపర్లు తీసేసి రాగిపూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలు అంటించి, పట్టాని వాటికి సోల్డర్ చేయాలి. ఆ తర్వాతే సన్నటి కటింగ్ డిస్కుతో కోయాలి. ఆ రాగిపూతని మధ్యలో గీరి తెంపడం మరిస్తే రెండు పట్టాలూ కలిసిపోయి షార్టవుతుంది.

కింద వైరింగ్ ఇంకో లోకం. ప్రతి పట్టాముక్కకీ కిందనుంచి విడిగా ఒక సన్న వైరు. పట్టాల్ని కలిపే చిన్న రేకు జాయినర్లు కరెంటు మోస్తాయని నమ్మితే, మొదట్లో మోస్తాయి. తర్వాత కంకర జిగురు, రంగు లోపలికి దిగి, బండి అక్కడికొచ్చాక నీరసపడుతుంది. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టా అంతటా ఎప్పుడూ కరెంటుంటుంది, ఏ ఇంజన్ కదలాలన్నది దాని లోపలి డీకోడరు అనే చిన్న సర్క్యూట్ తేలుస్తుంది. సౌకర్యమే. కానీ పాయింటు (పట్టా రెండుగా చీలే చోటు) మారకుండా ఒక బండి దాని మీదికొస్తే క్రాసింగు దగ్గర షార్టై, హాల్లో జనం చూస్తుండగా అన్ని బళ్ళూ ఒకేసారి ఆగిపోతాయి. అందుకే స్టేషనుకొకటి, యార్డుకొకటి, వెనకవైపుకొకటి విడివిడి బ్రేకర్లు. తప్పు జరిగిన చోటే ఆగుతుంది, మిగతాది నడుస్తుంది. వైరింగ్ పటం బోర్డు అడుగునే అంటించి ఉంటుంది. ఇంట్లో మరిచిపోయే వీలుండదు మరి.

పొద్దున్నే మొదటి పని పట్టాలు తుడవడం. నూలు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాలు. గరుకు రబ్బరుతో రుద్దితే మెరుస్తాయి గానీ గీతలు పడి, ఆ గీతల్లో మురికి ఇంకా తొందరగా కూర్చుంటుంది. కార్పెట్ ఉన్న హాలైతే పనే పని, నూలు పోగులన్నీ చక్రాల ఇరుసులకే. పట్టా తప్పే రైలు పెట్టె కనిపిస్తే ముందు చూడాల్సింది చక్రాల మధ్య లోపలి దూరం. 14.5 మి.మీ. ఉండాలి, దానికి గేజి ముక్క దొరుకుతుంది. పాత లీమా కంపెనీ ఇంజన్లకైతే చక్రాల అంచులు మరీ లోతు. పీకో కంపెనీ కోడ్ 75 పట్టా ఎత్తు అంగుళంలో వెయ్యో వంతులు 75, అంటే 1.9 మి.మీ. ఆ అంచులు స్లీపర్ల మీద పట్టాని పట్టుకునే చెయిర్లకి తగిలి టకటకలాడతాయి.

ఇంతా చేసి ఈ డబుల్ ఓ పట్టా గేజ్ తప్పే. అసలు గేజ్ 4 అడుగుల 8½ అంగుళాలు, అంటే 18.83 మి.మీ. రావాలి, అమ్మేది 16.5. ముందునుంచి చూస్తే ఇంజన్ కాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడినట్టుంటుంది. మన బ్రాడ్ గేజ్‌ని ఇదే స్కేల్లో చేస్తే 22 మి.మీ. కావాలి, అది అంగట్లో దొరకదు, ఎవరికి వాళ్ళు చేసుకోవాల్సిందే.

బళ్ళ విషయానికొస్తే, డీజిల్ కాలం అంటే చాలదు, ఏ సంవత్సరం అని అడుగుతారు. మావాళ్ళది 1977. ఇంజన్ ముఖం మీద నాలుగక్షరాల రైలు సంకేతం వాడకం 1976 జనవరిలో ఆగిపోయింది. ఆ తర్వాత గళ్ళన్నీ 0000 దగ్గరికి తిప్పి వదిలేశారు. కొన్నేళ్ళకి వాటి చోట నల్ల పలక మీద రెండు తెల్ల చుక్కలొచ్చాయి. కాబట్టి 1977లో క్లాస్ 40 రకం డీజిల్ ఇంజన్ ముఖం మీద 1ఎస్47 అని ఉంటే, ఆ పక్క గడ్డి ఎంత బాగా నాటినా దండగే. నంబర్లు కూడా 1973 తర్వాతి కొత్త పద్ధతివి, 40 తర్వాత మూడంకెలు. క్లాస్ 40 వెనక ఏ పెట్టెలు పడితే అవి తగిలించకూడదు. దానికి ఆవిరి వేడి మాత్రమే ఉంది, పెట్టెలకి కరెంటు వేడి ఇవ్వలేదు. చలికాలపు దృశ్యంలో దాని వెనక కరెంటు వేడి కావాల్సిన ఏసీ మార్క్ 2 పెట్టెలు కడితే ప్రయాణికులంతా గడ్డకట్టుకుపోవాల్సిందే. ఆవిరి వేడి తీసుకునే పాత మార్క్ 1 పెట్టెలు కట్టాలి. ఇంజన్ 278 మి.మీ., పెట్టె ఒక్కోటీ సుమారు 270. ఆరు పెట్టెల బండి రెండు మీటర్లకి కాస్త తక్కువ. ప్లాట్‌ఫాం పొడవూ, వెనక బళ్ళు దాచే ఫిడిల్ యార్డు పొడవూ ఈ లెక్కలోంచే పుడతాయి. బోర్డులు కోసేశాక ఈ లెక్క వేసేవాళ్ళకి నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్సే గతి.

రంగు గురించి ఒక్క మాట. అప్పటి బ్రిటిష్ రైళ్ళ రైల్ బ్లూ నీలం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచితే బొమ్మలాగే ఉంటుంది. అసలు బళ్ళు ఎండకీ వాషింగ్ ప్లాంటు ద్రావణానికీ వెలిసి సుద్దపట్టినట్టుండేవి. పలచటి బూడిదరంగు పూత వేసి, తడి ఆరకముందే బ్రష్షుతో నిలువుగా కిందికి లాగాలి, వాన నీళ్ళు కారేది అటే కదా. ఇంజన్లు ఆగేచోట పట్టాల మధ్య కంకర నల్లగా, కాస్త మెరుస్తూ ఉండాలి, అది నూనె. కాజీపేట డీజిల్ షెడ్డు చూసినవాళ్ళకి ఆ నలుపు చెప్పక్కర్లేదు.

చప్పుడు మాత్రం నా వల్ల కాదు. సౌండ్ డీకోడరున్న ఇంజన్లు హాల్లో పదిచోట్ల ఒకేసారి మోగుతుంటే క్లాస్ 40 ఈలా, క్లాస్ 47 గొణుగుడూ కలిసి ఒక రొద. ఈఎస్‌యూ లోక్‌సౌండ్ డీకోడరైతే సీవీ 63 అనే సెట్టింగులో విలువ సగానికి దించితే ఆ ఇంజన్ తన లేఔట్ ముందు నిలబడ్డవాళ్ళకే వినిపిస్తుంది. ఎవరూ దించరు.

శనివారం మధ్యాహ్నం గుంటూరాయన ఒకాయన, భుజాల మీద కొడుకు. "అన్నా, తెలుగా? ఇదంతా ఎంతయిద్దన్నా?" అన్నాడు. లీడ్స్‌లో ఉద్యోగమట. కొత్త ఇంజన్ ఒక్కోటీ 200 పౌండ్ల పైమాటే, సౌండుదైతే 300 దాటుద్దని చెప్పాను. "ఇరవై వేలా! ఇంజనొక్కటే?" అని కొడుకుని కిందికి దించేశాడు. దింపితే పిల్లాడికేమీ కనపడదు. మా బోర్డులు నేలనుంచి 1.1 మీటరు ఎత్తు. పెద్దవాళ్ళ కంటికి దగ్గరగా ఉంటేనే దృశ్యం అందం, పిల్లలకైతే అది గోడ. అందుకే బారికేడు దగ్గర రెండు చిన్న స్టూళ్ళు పెట్టారు. చెక్క స్టూలు చాలు, జారకుండా అడుగున రబ్బరు ఉండాలి.

నా డ్యూటీ వెనక, ఫిడిల్ యార్డులో. జనానికి కనపడని చోటు, బళ్ళన్నీ అక్కణ్ణుంచి వచ్చి అక్కడికే పోతాయి. మాది క్యాసెట్ పద్ధతి. ప్లైవుడ్ పలక మీద రెండు అల్యూమినియం యాంగిళ్ళే పట్టాలు. బండి మొత్తం దాని మీదకెక్కాక రెండు కొసలా అడ్డుముక్క పెట్టి, అలాగే ఎత్తి తిప్పి పెట్టాలి. అడ్డుముక్క పెట్టకుండా ఎత్తితే 200 పౌండ్లు నేలమీద. ముందున్న సిగ్నల్‌మన్‌కీ నాకూ మధ్య మాటల్లేవు, గంటలే. పాసింజరు పంపనా అంటే మూడు, ఆగి ఒకటి. ఎక్స్‌ప్రెస్ అయితే వరసగా నాలుగు. బండి బయల్దేరితే రెండు. బండి పూర్తిగా చేరింది, దారి ఖాళీ అంటే రెండు, ఆగి ఒకటి. బ్రిటిష్ సిగ్నల్ బాక్సుల (మన సిగ్నల్ కేబిన్ల లాంటివి) మధ్య ఉండే కోడే ఇది.

ఒక పెద్దాయన బారికేడు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. బళ్ళు చూడ్డం లేదు, గంటలు వింటున్నాడు. కాసేపటికి మా సిగ్నల్‌మన్‌తో అన్నాడు: "రెండు-ఒకటి కొట్టారు కదా, తోక దీపం చూశారా?"

అందరం వంగి చూశాం. ఆ బండి ఇందాక ఇదే స్టేషన్లోంచి వెళ్ళిందే. ఆఖరి స్టేషన్లో ఇంజన్ చుట్టూ తిరిగొచ్చి రెండోవైపు తగులుకుంటుంది, వచ్చేటప్పుడు ముందున్న పెట్టె వెళ్ళేటప్పుడు చివరిదవుతుంది. దీపం మాత్రం పాతచోటే, ఇప్పుడు ఇంజన్‌కీ పెట్టెకీ మధ్య ఇరుక్కుని ఉంది. పెద్దాయన వెక్కిరించలేదు. సిగ్నల్ బాక్సులో పనిచేసి రిటైరయ్యాడట. దీపం కనపడకపోతే బండి మధ్యలో తెగి కొన్ని పెట్టెలు దారిలోనే ఉండిపోయాయేమో తెలీదు, దారి ఖాళీ అని గంట కొడితే వెనక బాక్సువాడు ఇంకో బండిని వాటి మీదికే పంపుతాడు అని ఓపిగ్గా చెప్పాడు. అలాంటప్పుడు వెనక బాక్సుకి కొట్టాల్సిన కోడు నాలుగు, ఆగి ఐదు. బారికేడు మీద వేలి కణుపుతో కొట్టి చూపించాడు, ఆ నాలుగూ, ఆగి ఆ ఐదూ.

కాజీపేట ప్లాట్‌ఫాం చివర నిలబడే రైల్వే మనిషి పచ్చజెండా పట్టుకుని చివరి పెట్టె దాటేదాకా కదలకపోవడం గుర్తొచ్చింది. వెనక ఎక్స్ గుర్తు, కింద ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) బోర్డు, రాత్రయితే ఎర్రదీపం. కారణం అదే, నియమమూ అదే.

బొమ్మ బండికి దీని పరిష్కారం తేలిక. తెల్లలోహపు చిన్న దీపం, అడుగున 2 మి.మీ. అయస్కాంతం, పెట్టె రెండు కొసల్లోనూ బఫర్ పలక వెనక చిన్న ఇనుప తీగముక్క. పట్టుకారుతో తీసి అటు పెట్టడమే. ఇత్తడి తీగ వాడితే అంటుకోదు. అయస్కాంతం ఇంకా పెద్దదైతే తీసేటప్పుడు తేలికపాటి పెట్టెను కూడా లేపేస్తుంది. వదులు గొలుసుల బొగ్గుబండికైతే దీపం ఒక్కటే చాలదు, చివర గార్డు బ్రేకు వ్యాను ఉండాలి, దీపం దానికుండాలి.

ఆదివారం చెప్పుకోదగ్గదేమీ లేదు. టీ రెండున్నర పౌండ్లు, అదీ కాగితపు కప్పులో, పాలు మనమే పోసుకోవాలి.

సోమవారం మధ్యాహ్నం దాటాక సెకండ్‌హ్యాండ్ స్టాళ్ళవాళ్ళు బేరానికొస్తారు. కొనాలనుకున్నవాళ్ళు అప్పటిదాకా ఆగడం మంచిది, మంచివి మిగలవన్నదే చిక్కు. తెల్లలోహపు దీపాల పొట్లం నేనక్కడే కొన్నాను. మూతపడగానే విప్పుడు. ముందు ఇంజన్లు బాక్స్ ఫైళ్ళలోకి, తర్వాత వైర్లు, ఆఖర్న బోల్టులు. హాల్లో తేమకి ప్లైవుడ్ ఉబ్బి డోవెల్స్ పట్టేస్తాయి. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే పట్టా కొసలు లేచిపోతాయి, కింద చెక్కదిమ్మ ఆనించి తట్టాలి. బోర్డులు రెండేసి ఎదురెదురుగా, కొసలకి పలకలు బిగించి వ్యానులోకి. బోర్డుల్ని నిలబెట్టే కాళ్ళు అన్నిటికంటే చివర ఎక్కించాలి, వచ్చే ప్రదర్శనలో మొదట దించాల్సింది అవే.