గ్యాస్ విద్యుత్ చాప్టర్ నేనెలా చదివానంటే

ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టులకీ, గ్రూప్-1 మెయిన్స్‌కీ కలిపి చదివే బాపతు మన విజయవాడలో చాలామందే ఉన్నాం. బొగ్గు, జలవిద్యుత్ అందరూ శ్రద్ధగానే చదువుతారు. గ్యాస్ దగ్గరికొచ్చేసరికి విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కొండపల్లి అని పేర్లూ, పక్కన మెగావాట్లూ బట్టీ పట్టి పేజీ తిప్పేస్తారు. ఆ జాబితాతో ఒకటో రెండో బిట్లు రావచ్చు, మెయిన్స్‌లో మాత్రం అర పేజీ కూడా నిండదు.

నేను ఒక్క ప్రశ్న పట్టుకున్నాను. చేతికందే దూరంలో గ్యాస్ నిక్షేపాలున్న కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ ఉండగా ఈ ప్లాంట్లు ఎందుకు ఖాళీగా కూర్చున్నాయి? జవాబు వెతుకుతుంటే చాప్టర్ మొత్తం దానంతటదే వచ్చేసింది. 2009 ఏప్రిల్‌లో ఆ బేసిన్‌లోని డీ6 అనే సముద్రపు బ్లాకులో గ్యాస్ మొదలైంది. 2010లో రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. ఆ ధీమాతోనే కొత్త ప్లాంట్లు లేచాయి. తర్వాత ఉత్పత్తి జారిపోయింది. కేటాయింపుల్లో ఎరువుల కర్మాగారాలు ముందు వరుసలో ఉండటంతో 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు డీ6 గ్యాస్ సున్నా. దిగుమతి ఎల్‌ఎన్‌జీతో (ద్రవంగా మార్చి తెచ్చే సహజవాయువు) నడపొచ్చుగా అంటారా? యూనిట్ ధర పెరుగుతుంది, మెరిట్ ఆర్డర్‌లో, అంటే చవక కరెంటును ముందు కొనే వరుసలో, అడుగుకు పోతుంది, డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కొనదు. వెయ్యి మెగావాట్ల ప్లాంటుకు రోజుకు సుమారు 45 నుంచి 50 లక్షల ఘనపు మీటర్లు కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే కొరత ఎంతో మీరే లెక్కేసుకోవచ్చు.

టెక్నికల్ పేపర్ వాళ్లకు కంబైన్డ్ సైకిల్ వదలకూడని టాపిక్. గ్యాస్ టర్బైన్ వదిలే 500-600 డిగ్రీల పొగతో ఆవిరి పుట్టించి రెండో టర్బైన్ తిప్పుతారు. మొదటిదాని సామర్థ్యం (ఎఫిషియెన్సీ) 35 శాతం, రెండోదానిది 30 శాతం అనుకోండి. రెంటినీ కూడి, వాటి లబ్ధం తీసేస్తే మొత్తం సామర్థ్యం వస్తుంది: 0.35 + 0.30 − 0.105, అంటే 54.5 శాతం. 65 అని ఆప్షన్ కచ్చితంగా ఇస్తారు, తొందరపడకండి. మొదటి సైకిల్ వదిలిన వేడంతా రెండో దానికి అందుతుందనుకుంటేనే ఈ సూత్రం పనిచేస్తుంది.

మెయిన్స్ జవాబులో లోడ్ కర్వ్ (రోజంతా విద్యుత్ డిమాండ్ ఎలా మారుతుందో చూపే గీత) గీయండి. నేను పెన్సిల్‌తో రెండు గీతలే గీసేవాణ్ణి: సాయంత్రం దిగిపోతున్న సోలార్, అదే సమయానికి ఎక్కుతున్న డిమాండ్. ఆ మధ్య ఖాళీలో గ్యాస్ అని రాయాలి. చల్లారిన బొగ్గు యూనిట్ అందుకోవడానికి గంటల తరబడి పడుతుంది, ఓపెన్ సైకిల్ (రెండో ఆవిరి టర్బైన్ లేని) గ్యాస్ టర్బైన్ అరగంటలోపే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా బొగ్గుతో పోలిస్తే సుమారు సగమే. అలాగని గ్యాస్ ఒక్కటే దిక్కన్నట్టు రాయొద్దు. నాగార్జునసాగర్‌లోని రివర్సిబుల్ యూనిట్లూ (నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు కరెంటు తీసేవి), బ్యాటరీలూ ఇదే పని చేయగలవు. ఈ పోలిక కూడా పెడితే జవాబుకు బరువొస్తుంది.

విపత్తు నిర్వహణ చదివేవాళ్లు 2014 జూన్ 27న కోనసీమలోని ‘నగరం’ అనే ఊళ్లో జరిగిన గ్యాస్ పైపు పేలుడును కూడా ఈ నోట్సులోనే రాసుకోండి. ఆ రోజు పేలింది తాటిపాక నుంచి మన కొండపల్లికి గ్యాస్ తెచ్చే పైపే.