వెడ్జ్‌ల ఫిట్టింగ్: మూడేళ్లు నా మణికట్టును తిట్టుకున్నాక

గోల్ఫ్‌లో జెండాకి దగ్గర్నుంచి కొట్టే పొట్టి క్లబ్బులు వెడ్జ్‌లు. నా ఒంటి కొలతకి సరిచేసి (దీన్నే ఫిట్టింగ్ అంటారు), నిన్న సాయంత్రం నా మూడు వెడ్జ్‌లూ తిరిగి చేతికొచ్చాయి. ఈ వేడిమీదే రాసేస్తున్నాను. ఇంకో వారం ఆగితే కోపం చల్లారిపోయి, అందరి గురించీ మంచిగా రాసేస్తానేమోనని భయం.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా ఆఫీసులో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, వాళ్లలో సగం మందికి కోవిడ్ తర్వాత గోల్ఫ్ పిచ్చి పట్టింది. నాకూ పట్టింది. ఎవరో వాడిన సెట్ చవగ్గా దొరికితే 52, 56, 60 డిగ్రీల వెడ్జ్‌లతో సహా కొనేశాను. బంతికి తగిలే ఫేస్ ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పే అంకె అది, లాఫ్ట్ అంటారు. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. చిన్నప్పుడు మా అమ్మ టైలర్‌తో "పెరిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు బాబూ" అనేది. నలభై మూడేళ్లొచ్చాక నేను క్లబ్బులు కూడా అదే లెక్కన కొన్నాను.

వెడ్జ్ కన్నా దూరం కొట్టే సెవెన్ ఐరన్‌తో పెద్ద ఇబ్బంది లేదు. వెడ్జ్ తీశానంటే మాత్రం బంతి ఎడమకే. 60 అయితే మరీ ఘోరం. మణికట్టు ముందే తిరిగిపోతోందని నాకు నేనే రోగం తేల్చుకుని, వీడియోలు చూస్తూ మూడేళ్లు సొంత వైద్యం చేసుకున్నాను.

అసలు సంగతి నాకు చాలా ముందే ఒకతను చెప్పాడు. రెండేళ్ల కింద సంక్రాంతికి వచ్చినప్పుడు హైదరాబాద్ ఫ్రెండు ఒకడు గోల్కొండలో నయా కిల్లా లోపలి గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్లాడు. అక్కడ బ్యాగు మోసే క్యాడీ రెండు షాట్లు చూసి, "సార్, కర్ర మీకు పొడుగైతున్నది. మూతి పైకి లేస్తున్నది సూడుండ్రి" అని క్లబ్ తల చివరి కొస, అంటే టో వైపు చూపించాడు. నేను "ఊఁ" అని, మళ్లీ ఎడమకి కొట్టి, వచ్చేటప్పుడు అతని చేతిలో ఐదు వందలు పెట్టాను. సలహాని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాను.

ఇక ఫిట్టింగ్. పెద్ద షాపులో అపాయింట్‌మెంట్ రెండు నిమిషాల్లో దొరికింది. శనివారం మధ్యాహ్నం, మా పదకొండేళ్ల పాపని వెంటబెట్టుకుని వెళ్లాను. పాతికేళ్లు కూడా లేని కుర్రాడు టేపుతో మణికట్టు నుంచి నేల దాకా కొలిచి, చార్టు చూసి "ఒక డిగ్రీ ఫ్లాట్" అన్నాడు. కర్ర నేలతో చేసే కోణాన్ని లై అంటారు, క్లబ్ మెడ దగ్గర వంచి దాన్ని ఒక డిగ్రీ తగ్గించాలని అర్థం. అక్కడితో ఆపేసి ఉంటే ఇంత కథ లేదు.

"ఇప్పుడు బోర్డు మీద కొట్టండి సార్" అన్నాడు. లై బోర్డు అంటే నల్లటి గట్టి ప్లాస్టిక్ పలక. క్లబ్ అడుగున టేపు అంటిస్తారు. బోర్డు మీద బంతి పెట్టి కొడితే టేపు ఏ వైపు గీసుకుపోయిందో చూసి, అడుగు నేలకి సమంగా తగులుతోందో లేదో చెబుతారు. వినడానికి ఎంత హాయిగా ఉంది! కాళ్ల కింద మ్యాట్, ముందు పలక, వెనక తమ వంతు కోసం నలుగురు మనుషులు, వాళ్ల చేతుల్లో కాఫీ కప్పులు. క్లబ్ పలకకి తగలగానే ఠప్పుమని పిడుగు పడ్డట్టు శబ్దం. మొదటి బంతి పైన గీసుకుని దొర్లింది. రెండోది కొట్టేసరికి షాంక్! బంతి ఫేస్‌కి కాకుండా కర్ర వచ్చి కలిసే మెడకి, అంటే హోజల్‌కి తగిలి నేరుగా కుడి పక్కనున్న ఇనుప స్తంభానికి కొట్టుకుని, వెనక్కొచ్చి ఆ కుర్రాడి బూటు పక్కన ఆగింది. మూడోదీ అంతే. ఒకాయన కాఫీ పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు. నాలుగోసారి భయంతో దాదాపు కళ్లు మూసుకుని కొట్టాను. పాప నా దగ్గరికొచ్చి మెల్లగా, "నాన్నా, ఆ టోపీ అంకుల్ నవ్వుతున్నాడు" అంది. నాకు కనిపించనట్టు!

కుర్రాడు టేపు తీసి చూశాడు. గీతలన్నీ హీల్ వైపే, అంటే కర్ర ఉన్న వైపే. అది చూసైనా క్లబ్ పొడుగు గురించి మాట్లాడాలి కదా. పొడుగైన క్లబ్ అడుగు హీల్ వైపు నేలకి తగలడం వింతేం కాదు. మాట్లాడలేదు. "సార్, ముందు నాలుగు లెసన్లు తీసుకోండి. స్వింగ్ ఒక దారికి వచ్చాక ఫిట్టింగ్ చేస్తే అర్థం ఉంటుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అదే ఇంకా మండింది. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. చివరికి వంచింది ఎంతనుకున్నారు? చార్టు చెప్పిన ఆ ఒక్క డిగ్రీయే. మూడింటికీ అదే. మరి నన్ను నలుగురి ముందు ఆ పలక మీద ఎందుకు ఆడించినట్టు?

వంచి తెచ్చుకున్నాక 52 కొంచెం దారికొచ్చింది. 60 ఇంకా ఎడమకే. పదిరోజులు బ్యాగు ముట్టలేదు.

తర్వాత ఒక ఆదివారం గరాజ్‌లో మార్కర్ కనబడింది. ఎప్పుడో చదివిన చిట్కా గుర్తొచ్చింది. బంతి మీద మందంగా ఒక గీత గీసి, ఆ గీత నిటారుగా ఉండి క్లబ్ ఫేస్‌కి తగిలేట్టు పెట్టి కొట్టాలి. ఫేస్ మీద అచ్చు పడుతుంది. అచ్చు ఫేస్ మీది అడ్డగాడులకి, అంటే గ్రూవ్‌లకి నిటారుగా ఉంటే లై సరిపోయినట్టు. నాది పై కొస టో వైపు ఒరిగి పడింది, అంటే టో గాల్లో ఉంది. 52తో కొంచెం, 60తో స్పష్టంగా. గోల్కొండ క్యాడీ చెప్పిన "మూతి" ఇదే.

ఇది తెలిశాక కూర్చుని లెక్క వేశాను. లై రెండు డిగ్రీలు తేడా ఉంటే సెవెన్ ఐరన్ ఫేస్ సుమారు డిగ్రీంబావు ఎడమకి తిరుగుతుంది. అదే తేడాకి 60 డిగ్రీల వెడ్జ్ ఫేస్ దాదాపు మూడున్నర డిగ్రీలు తిరుగుతుంది. లాఫ్ట్ పెరిగేకొద్దీ తప్పు పెద్దదవుతుంది. 70 గజాల షాట్‌లో నాలుగు గజాలన్నమాట. మూడేళ్లుగా నేనున్న ఎడమ ఇసుక బంకర్ సరిగ్గా అక్కడే.

ఒక కొలీగ్ చెబితే, ఇంటి వెనక షెడ్డులో క్లబ్బులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. గోడకి పోస్టర్లు లేవు, స్క్రీన్ లేదు. మొదటి ప్రశ్నే, "దీంతో ఎప్పుడు కొడతావు?" ఎక్కువగా 30, 40 గజాల నుంచి సగం ఊపుతో అన్నాను. అయితే ఫుల్ స్వింగ్‌తో కొలవడం దేనికన్నాడు. జోరుగా ఊపితే షాఫ్ట్, అంటే కర్ర, కొంచెం వంగి టో కిందికి దిగుతుందట. మెల్లగా ఊపితే అంత దిగదు, అందుకని చిన్న షాట్లలో టో ఇంకా పైకే ఉంటుంది. ఫుల్ స్వింగ్ కొలతని వెడ్జ్‌లన్నిటికీ రుద్దకూడదని ఈయన ఒక్కమాటలో చెప్పేశాడు.

ముందు పొడుగు తగ్గించాడు, 35 అంగుళాల నుంచి 34న్నరకి. అర అంగుళం కోస్తేనే లై దాదాపు ఒక డిగ్రీ ఫ్లాట్ అయినట్టు ఆడుతుంది కాబట్టి కోత ముందు, వంచడం తర్వాత. మీరు ఎక్కడికెళ్లినా ఈ వరస తప్పనివ్వకండి. కోశాక తల తేలికైపోయినట్టు అనిపించింది. ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే లెక్క స్వింగ్ వెయిట్, అర అంగుళానికి అందులో మూడు పాయింట్లు పోతాయని, వెనక ఆరు గ్రాముల సీసం టేపు అంటించాడు. ఆ తర్వాత అదే మార్కర్ గీత పరీక్ష, గడ్డి మీద, సగం ఊపుతో. 52ని ఇక వంచలేదు. 56, 60 రెండింటినీ మెషీన్‌లో బిగించి ఇంకో డిగ్రీ వంచాడు. అంతకుముందే అది మెత్తటి కార్బన్ స్టీలేనా అని చూసుకున్నాడు, గట్టి స్టెయిన్‌లెస్ పోత అయితే విరిగే ప్రమాదం ఉందట. లాఫ్ట్ కూడా కొలిస్తే నా 56 నిజానికి 55 ఉంది. సరిచేశాడు. లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచితే బౌన్స్, అంటే క్లబ్ అడుగు వాలు కూడా ఒక డిగ్రీ పెరుగుతుందని చెప్పి మరీ చేశాడు.

మనవాళ్లకి ఒక మాట. సేల్లో ఐదు వందల డాలర్ల డ్రైవర్, అదే బాగా దూరం కొట్టే పెద్ద క్లబ్, కొని గ్రూపులో ఫోటో పెడతారు. రౌండ్‌లో మళ్లీ మళ్లీ చేతికొచ్చే చిన్న క్లబ్బుల్ని ఎవరూ కొలిపించుకోరు. నేనూ ఆ బాపతే, అందుకే తిట్టే హక్కుంది.

ఈ ఉదయం ఆరున్నరకే ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్లాను. 60తో ఇరవై బంతులు కొడితే పదమూడు జెండా ఉన్న వరసలోనే పడ్డాయి. పక్క బేలో ఎవరూ లేకపోవడం ఒక్కటే లోటు. 52 మాత్రం ఇప్పుడు అప్పుడప్పుడూ కుడికి పోతోంది. మార్కర్ గీత పెట్టి చూశాను, నిటారుగానే ఉంది. ఇది నా చేతిదే.