శిబిరంలో పిల్లల నమోదు: నా అనుభవం

సహాయ శిబిరంలో నాకు అప్పగించిన పని ఒకటే: కన్నవాళ్లు వెంట లేకుండా వచ్చిన పిల్లల వివరాలు రాసుకోవడం. వరదకు కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఎవరు ఏ శిబిరానికి చేరారో తెలియదు. ఈ పనికి రాబోయేవాళ్లకు పనికొస్తుందని, ఒక నాలుగేళ్ల పాప తల్లిని చేరేదాకా జరిగినదంతా రాస్తున్నాను.

ఆ పాపను ఒక ముసలమ్మ తీసుకొచ్చింది. ఆమెకు పాప ఏమీ కాదు. పడవలో పక్కన కూర్చుందట, దిగాక చెయ్యి వదల్లేదట. పిల్లల్ని ముందు ఎక్కించమని అందరూ తొందరపెట్టారు, తల్లి డాబా మీదే ఉండిపోయింది. తర్వాతి పడవ ఇంకో వైపు వెళ్లింది. అక్కడ ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా నేను చూసిన ఎడబాట్లలో చాలావరకు ఇలా సాయం చేసేవాళ్ల తొందరలోనే జరిగాయి. పడవ ఎక్కించేముందో, అంబులెన్సులో పంపేముందో పిల్ల పేరు, తల్లి పేరు, ఊరు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టడానికి నిమిషం చాలు. ఆ చీటీ లేకపోతే వెతుకులాట వారాల తరబడి సాగుతుంది.

నమోదు కాగితం తీసేముందు పాపను పక్క బల్ల దగ్గరున్న నర్సుకు చూపించాం. ఆమె రంగుల పట్టీతో జబ్బ చుట్టుకొలత తీసింది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో అది 115 మిల్లీమీటర్లకు తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపం. 115 నుంచి 125 లోపు ఉంటే మధ్యస్థం. పాప కొలత ఆ మధ్యలో ఉంది. రెండు పాదాలనూ బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి చూసింది. రెండింటిలోనూ గుంట మిగిలితే, జబ్బ కొలత ఎంత ఉన్నా తీవ్రమైన లోపంగానే చూస్తారు. పాపకు అది లేదు. తర్వాత తట్టు టీకా, విటమిన్ ఎ చుక్కలు. కిక్కిరిసిన శిబిరంలో తట్టు చాలా వేగంగా పాకుతుంది, బక్కచిక్కిన పిల్లల ప్రాణం తీస్తుంది. అందుకే ఆరు నెలల పసివాళ్లకు కూడా టీకా వేస్తారు. తొమ్మిది నెలలు నిండకముందు వేసిన మోతాదు లెక్కలోకి రాదు కాబట్టి వాళ్లకు తర్వాత మళ్లీ వేయాలి. పాప టీకా కార్డు మీద మా నమోదు సంఖ్యే రాయించాను, రెండు కాగితాలూ విడిపోకుండా.

ఇక వివరాలు. నాలుగేళ్ల పిల్లను అమ్మ పేరడిగితే "అమ్మ" అనే చెబుతుంది. అందుకని చుట్టూ తిరిగి అడగాలి. పక్కింటివాళ్లు మీ అమ్మను ఏమని పిలుస్తారు? రాత్రి నీ పక్కన ఎవరు పడుకుంటారు? ఇంటి ముందు ఏముంది? బొమ్మ వేయమని కాగితమిస్తే పాప ఇల్లు వేసి, పక్కనే మెట్లున్న పెద్ద తొట్టి వేసింది. అది ఊరి నీళ్ల ట్యాంకని ఆ ప్రాంతం తెలిసినవాళ్లు గుర్తుపట్టారు. పాప చెప్పింది చెప్పినట్టే, ఆమె మాటల్లోనే రాశాను. ఒంటి మీది తడి గౌను మార్చాక పారేయనివ్వలేదు. సంచిలో వేసి నంబరు రాసి ఉంచాం. మాటలు రాని పసికందుల విషయంలో ఒక్కోసారి బట్టలే ఆనవాలు.

ఫొటో ఫోను గ్రూపుల్లో పెడితే సాయంత్రానికల్లా తల్లి దొరుకుతుందని ఒక కుర్రాడు గట్టిగా అన్నాడు. అతని ఆత్రం నాకర్థమైంది. కానీ పేరూ ముఖమూ బయటపడితే, మేనమామనంటూ ఎవరైనా రావచ్చు. పిల్లలను అమ్ముకునేవాళ్లకు ఇలాంటి రోజులే అదను. మా పర్యవేక్షకురాలు ఒప్పుకోలేదు, నేను ఆమె పక్షమే.

పాపను పెంచుకుంటామని ఒక జంట వచ్చారు. మంచివాళ్లే, కళ్లలో నీళ్లు పెట్టుకున్నారు. కుదరదని చెప్పాల్సి వచ్చింది. తల్లిదండ్రులు లేరని తేలేదాకా, బంధువుల కోసం వెతకడం పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ దత్తతకు ఇవ్వకూడదు. 2010లో హైతీ భూకంపం తర్వాత అమెరికాకు చెందిన ఒక మత బృందం 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోతూ పట్టుబడింది. అనాథలన్న ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు ఉన్నారు. 2004 సునామీ తర్వాత ఆచే ప్రాంతం నుంచి పిల్లలను బయటికి తీసుకుపోకుండా ఇండోనేషియా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది కూడా ఈ భయంతోనే.

అలాగని పాపను హాస్టలుకు పంపలేదు. అదే శిబిరంలో ఉన్న, ఆమె మాట తీరు తెలిసిన ఒక కుటుంబానికి తాత్కాలికంగా అప్పగించారు. రోజూ ఒకరు వెళ్లి చూసేవారు. పగలు ఆటల గుడారంలో ఉండేది. మొదట్లో మూలన కూర్చునేది, పోను పోను అందరితో కలిసింది. మిగతా పిల్లలతో పాటే పోషకాహారం ఇచ్చారు. ఆమె ఒక్కదానికే ప్రత్యేకంగా ఏదైనా ఇస్తే, దాని కోసం పిల్లలను ఒంటరిగా పంపే కుటుంబాలు తయారవుతాయని ముందే హెచ్చరించారు.

శిబిరాల మధ్య జాబితాలు మార్చుకునేటప్పుడు, దూరంగా ఉన్న ఒక కేంద్రంలో కూతురు తప్పిపోయిందని నమోదు చేయించిన తల్లి వివరాలు సరిపోయాయి. నీళ్ల ట్యాంకు కూడా సరిపోయింది. అయినా వెంటనే అప్పగించలేదు. ఫొటో చూపించకుండా, ఆమెనే అన్నీ చెప్పమన్నారు: గౌను రంగు, మోచేతి మీది మచ్చ, అన్న పేరు. అంత దుఃఖంలో ఉన్న మనిషిని పరీక్షించడం నాకు కష్టంగా అనిపించింది, కానీ పాప భద్రతకు అంతకంటే దారి లేదు. పాపనూ విడిగా అడిగారు, అమ్మ దగ్గరికి వెళ్తావా అని. తల్లి సంతకం, టీకా కార్డు, పోషణ నమోదు, గౌను సంచి, అన్నీ కలిపి ఇచ్చి పంపించారు.

ఫైలు అక్కడితో మూయలేదు. కుటుంబం ఉన్న చోటికి ఒక కార్యకర్త వెళ్లి జబ్బ కొలత మళ్లీ తీసింది. 125 దాటింది.

అదే వారంలో వచ్చిన ఒక పసిబాబు వాళ్లెవరో ఇంకా తెలియలేదు. ఒక కుటుంబం దగ్గర ఉంటున్నాడు. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా మళ్లీ వేయించాలని అతని కార్డు మీద ఉంది. కొత్త జాబితా వచ్చినప్పుడల్లా అతని వివరాలతో పోల్చి చూస్తున్నారు. అది ముగిసేదాకా దత్తత దరఖాస్తు తీసుకోరు.