జీఎస్-2లో నాకు దారి చూపిన ఇద్దరు రాజులు

సివిల్స్ రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ఫోన్ చేసినవాళ్లంతా బుక్‌లిస్ట్ అడుగుతున్నారు. మీరందరూ చదివేవే నేనూ చదివాను. ప్రిలిమ్స్‌కి పాత పేపర్లు, మాక్ టెస్టులు, అంతే. రాయాల్సింది ఏమైనా ఉంటే అది మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్ (జీఎస్-2)లో వచ్చే ఐఆర్, అంటే అంతర్జాతీయ సంబంధాల గురించే. అశోక్‌నగర్ స్టడీ హాల్‌లో నన్ను చూసి నవ్విన మిత్రులు కూడా చదువుతారు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ఏ రెండు దేశాలిచ్చినా నా ఆన్సర్ ఒకటే మూసలో ఉండేది: చారిత్రక సంబంధాలు, వాణిజ్యం, సవాళ్లు, ముందున్న మార్గం. మార్కులు కూడా అలాగే వచ్చేవి. అలాంటి రోజుల్లో మొరాకో, ఎస్వాతిని మధ్య సహకారం గురించి ఒక చిన్న వార్త కంటపడింది. ఆఫ్రికాలో రాజు దేశాధినేతగా ఉన్న దేశాలు మూడే, మూడోది లెసోతో. మొరాకో ఖండానికి పైకొసన ఉంటే, మనం స్వాజిలాండ్‌గా చదువుకున్న ఎస్వాతిని కిందికొసన దక్షిణాఫ్రికా, మొజాంబిక్‌ల మధ్య ఇరుక్కుని ఉంది. వీళ్లిద్దరికీ ఒకరితో ఒకరికి ఏం పని?

తీగ లాగితే మొరాకోకి దక్షిణాన, ఒకప్పుడు స్పెయిన్ వలసగా ఉన్న పశ్చిమ సహారా దగ్గర తేలింది. 1975లో స్పెయిన్ తప్పుకోవడానికి సిద్ధపడ్డాక ఆ నేల తనదేనని మొరాకో పట్టుబట్టింది. దాని స్వాతంత్ర్యం కోసం పోరాడే పోలిసారియో అనే సంస్థ 1976లో అక్కడ వేరే రిపబ్లిక్ ప్రకటించింది. దానికి ఆఫ్రికన్ ఐక్యతా సంస్థలో చోటిచ్చారని మొరాకో 1984లో అలిగి బయటికొచ్చి, 2017 జనవరిలో ఆఫ్రికన్ యూనియన్‌లోకి తిరిగొచ్చింది. ఆ రిపబ్లిక్ ఇప్పటికీ అందులో సభ్యురాలే. అంటే మొరాకోకి అక్కడ ప్రతి ఓటూ కావాలి. 12 లక్షల జనాభా ఉన్న ఎస్వాతిని ఓటు, నైజీరియా ఓటు ఒకటే లెక్క!

2020 అక్టోబర్‌లో ఎస్వాతిని పశ్చిమ సహారాలోని లాయూన్‌లో కాన్సులేట్ తెరిచింది. ఆ ఊళ్లో ఎస్వాతిని వీసా కోసం క్యూ కట్టేదెవరు? ఆ నేల మొరాకోదేనని ఒప్పుకుంటున్నట్టు జెండా ఎగరేయడానికే ఆ ఆఫీసు. మొరాకో వైపు నుంచి స్కాలర్‌షిప్‌లు, శిక్షణ, సాంకేతిక సాయం ఉంటాయి. విదేశీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లు చూడటానికి దానికి 1986 నుంచి ప్రత్యేక సంస్థే ఉంది. ఎరువులకి ముడిసరుకైన ఫాస్ఫేట్ ప్రపంచ నిల్వల్లో దాదాపు 70 శాతం దాని దగ్గరే ఉన్నాయి కాబట్టి ఎరువుల దౌత్యం కూడా నడుస్తుంది.

అలాగని ఎస్వాతిని అమ్ముడుపోయిందని రాసేస్తే అన్యాయం. పోలిసారియో రిపబ్లిక్‌ని గుర్తించిన దక్షిణాఫ్రికా దానికి మూడు వైపులా ఉంది, దాని కరెన్సీ కూడా దక్షిణాఫ్రికా కరెన్సీ రాండ్‌తో ముడిపడి ఉంది. అయినా వేరే దారి పట్టింది. ఆఫ్రికాలో తైవాన్‌తో దౌత్య సంబంధాలున్న ఏకైక దేశం కూడా ఇదే. ఎవరిని గుర్తించాలన్నది తన చేతిలోనే ఉందని, దానికి విలువుందని రాజు మ్స్వాతి-3కి బాగా తెలుసు.

"ఇది సిలబస్‌లో ఎక్కడుంది రా?" అని రూమ్మేట్ అడిగేవాడు. ఇంటర్వ్యూలో చిన్న దేశాల విదేశాంగ విధానం మీద ప్రశ్న వచ్చినప్పుడు ఇదంతా చెప్పి, భారత్ కూడా ఆ రిపబ్లిక్‌ని 1985లో గుర్తించి 2000లో వెనక్కి తీసుకుందని కలిపాను. "ఫాస్ఫేట్ కోసమేనా?" అని నవ్వుతూ అడిగారు. అదొక్కటే అనలేమని, కానీ మన డీఏపీ ఎరువు బస్తా వెనక మొరాకో ఉందన్నది మాత్రం నిజమని చెప్పాను. నాకొచ్చిన మార్కులు చూశాక రూమ్మేట్ అదే నోట్స్ జిరాక్స్ తీయించుకున్నాడు.

ఎథిక్స్, ఎస్సే గురించి మరోసారి రాస్తాను. రోజూ ఫోన్ పక్కన పడేసి మ్యాప్ ముందు కూర్చోండి, దీనికి కోచింగ్ అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే లెసోతో తీసుకోండి: 1986 ఒప్పందం, దక్షిణాఫ్రికాకి అమ్మే నీళ్లు, ఆ నీళ్ల మీద వచ్చే రాయల్టీ.