మీటర్‌ని కాదు, పుట్టగొడుగుని నమ్మాను

మా పుట్టగొడుగుల గదిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచి, అది ఎక్కువైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పే కంట్రోలర్ 600 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 600) చూపిస్తోంది, ఫ్యాన్ తిరగడం లేదు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులేమో కాడలు సాగి, గొడుగులు చిన్నవిగానే ఉండిపోయాయి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే కనబడే లక్షణమిది.

ఫ్యాన్, దాన్ని ఆన్ చేసే స్విచ్ (రిలే) రెండూ బాగానే ఉన్నాయి. సెన్సర్‌ని పెరట్లో పెడితే రీడింగ్ 400 కంటే బాగా కిందికి పడిపోయింది. బయటి గాలిలోనే 420కి పైన ఉంటుంది కదా!

గొడవంతా ఆటో క్యాలిబ్రేషన్‌ది, అంటే సెన్సర్ తన రీడింగ్‌ని తానే సరిచేసుకునే ఆప్షన్‌ది. కొన్ని రోజుల్లో కనబడిన అతి తక్కువ రీడింగే బయటి గాలి అనుకుని, దాన్ని 400గా సర్దేస్తుంది. ఆఫీసులకైతే సరే, రాత్రి ఖాళీ అవుతాయి. పుట్టగొడుగులు పగలూ రాత్రీ ఊపిరి వదులుతూనే ఉంటాయి, గది గాలి ఎప్పుడూ బయటి గాలి స్థాయికి దిగదు. (ఇది మాన్యువల్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, ఎవరు చదువుతారు?)

ఆ ఆప్షన్ ఆపేసి, పెరట్లోనే క్యాలిబ్రేట్ చేసి లోపల పెడితే 1,700! ఫ్యాన్ వెంటనే తిరిగింది.